పురుషోత్తమ చౌదరి చరిత్రము: సదాచారమును దైవకృపయు

విగ్రహారాధనమును విడిచి, కులభేదమును నిరసించి, సత్యవాక్యమును పరోపకారమును ఇంద్రియనిగ్రహమును మతమునకు సారములని నమ్మిన విద్యావంతులకు క్రైస్తవ సిద్ధాంతములలో నొకటి మిక్కిలి వింతగా తోచుచుండును. మనుష్యుడు కేవలము తన సత్ప్రవర్తనముచేత మోక్షమును సంపాదించుకొనజాలడని వారు చెప్పుదురు. లంచము పుచ్చుకొననివాడును, అసత్యమాడనివాడును, మద్యమును ముట్టనివాడును, అనాథలకు అన్నము పెట్టువాడును దేవుని యెదుట నిలువదగడా? నిలువదగనియెడల నీతికి విలువ యేమి? ఇట్లు ప్రశ్నించి, ఉత్తరమునకై వేచియుండకయే మనము ఆ సిద్ధాంతమును త్రోసివేయుట కలదు. ఉభయపక్షముల వాదమును పూర్తిగా వినకుండ వ్రాసిన తీర్పు పై న్యాయస్థానమున నిలువదు. ఒక మతమువారు తమ ప్రాణమునకు ప్రాణముగా నెంచు విశ్వాసమును విచారింపక త్రోసివేయుటయు నట్టిదే.

ఆ విశ్వాసమును తర్కగ్రంథముల మూలమునగాక యొక తెలుగు కవి జీవితము మూలమున విచారించుట సులభము. ఆ కవి పురుషోత్తమ చౌదరి. మన పాలమూరు సీమలోని మక్తల్ మొదలుకొని సముద్రతీరము వరకు తెలుగు క్రైస్తవులు కూడి ప్రార్థించు చోట నెల్ల ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను సంపుటము వాడుకలో నున్నది. అందు ఈయన రచించినవి అనేకములు. వానిని పాడువారిలో అక్షరము నెరుగని కూలివారు గలరు. పాడుచు కన్నీరు విడుచు వృద్ధులు గలరు. కవి యెవరో, ఎచట పుట్టెనో, ఏమి విడిచి ఏమి పొందెనో వారిలో పెక్కుమంది యెరుగరు. మనమును ఎరుగము.

ఈయన 1803వ సంవత్సరమున గంజాము మండలమందు పర్లాకిమిడి ప్రాంతమున జన్మించెను. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. వీరు వంగదేశమునుండి వచ్చి ఆ సీమలో స్థిరపడిన బ్రాహ్మణులు. ఆ ప్రదేశము అప్పుడు చెన్నపురి రాజధానిలోనిది. 1936వ సంవత్సరమున ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందు చేరెను. ఉత్తరమున పూరీ జగన్నాథము, దక్షిణమున శ్రీకూర్మము ఉండుటచేత అచటి జనులలో వైష్ణవభక్తి ప్రబలముగా నుండెను. ఇంట వంగభాష, వీధిలో ఓఢ్రమును తెలుగును, పాఠమున సంస్కృతము: ఇట్టి పరిసరమున పెరిగినవాడు, మాతృభాష గాని తెలుగునే తన హృదయమును వెల్లడించుటకు ఎన్నుకొని, అందు శాశ్వతమైన కీర్తి గాంచుట మన భాషకు గౌరవము.

ఈయన బాల్యమునాటికి తెలుగుదేశమున క్రైస్తవ ప్రచారము కొత్తగా మొలకెత్తుచుండెను. లండను మిషను సంఘమువారు 1805వ సంవత్సరమున జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజి యను నిద్దరిని విశాఖపట్టణమునకు బంపిరి. ఆనందరాయరను బ్రాహ్మణుడు క్రైస్తవుడై బైబిలును తెనిగించు పనిలో వారికి తోడ్పడెను. క్రాను 1809లోను, డెగ్రాంజి 1810లోను మృతినొందిరి. వారి తరువాత విలియము ప్రిచ్చెట్టు పూనుకొనగా, క్రొత్తనిబంధన తెలుగున 1818వ సంవత్సరమున చెన్నపురిలో ముద్రితమయ్యెను. దానినుండి తీసిన చిన్న పుస్తకములును కరపత్రములును సంతలయందును తీర్థములయందును పంచబడుచుండెను. అట్టి కరపత్రములు యౌవనమున పురుషోత్తమ చౌదరి చేతికి వచ్చెను.

ఈ ఘట్టమున మనము జాగ్రత్తగా గమనింపవలసిన దొకటి యున్నది. లోకమున మతము మార్చుకొనువారిని గురించి రెండు విధములైన అపవాదములు గలవు. దుర్మార్గుడై కులమువారిచే వెలివేయబడినవాడు ఆశ్రయమునకై పోయెననునది యొకటి. అన్నమునకును ఉద్యోగమునకును ఆశపడి పోయెననునది రెండవది. ఈయన విషయమున రెండును పొసగవు. ఈయన సద్వంశమునందు బుట్టి, శాస్త్రోక్తమైన నియమముల నడుమ పెరిగి, భక్తిమార్గమున శ్రద్ధ గలవాడై యుండెను. సదాచారము లేక దానిని వెదకుకొనుచు పోయినవాడు గాడు. సదాచారము గలిగియు, అది తన్ను గమ్యమునకు జేర్చదని నిశ్చయించుకొన్నవాడు. కావుననే ఆయన జీవితము మన ప్రశ్నకు తగిన ఉదాహరణము.

సదాచారమున ఆయనకు గనబడిన కొరత యేమి? ఆయన కీర్తనలు మరల మరల ఒక్క విషయమునే చెప్పుచున్నవి: తాను పాపియనియు, తన పుణ్యము తన్ను గాపాడజాలదనియు, క్రీస్తు కరుణ మాత్రమే శరణమనియు. ఇది కవిసమయము గాదు. క్రైస్తవ మతమునకు మూలస్తంభమగు సిద్ధాంతము. దానిని మనకు పరిచితమైన లోకవ్యవహారములలో బెట్టి చూతము.

ఒక రైతు మూడేండ్ల శిస్తు బకాయి పడెననుకొందము. నాలుగవ యేట వర్షములు బాగుగా కురియగా, ఆ యేటి శిస్తును కాసు తక్కువ గాకుండ చెల్లించెను. ఆ చెల్లింపు మిక్కిలి మెచ్చదగినదే. కాని దానిని జూపి, వెనుకటి మూడేండ్ల బాకీ తీరినదని వాదించినయెడల ఏ తహశ్శీలుదారును అంగీకరింపడు. నాలుగవ యేట చెల్లించినది నాలుగవ యేటికే సరిపోయినది. అట్లే మనుష్యుడు నేడు సత్యము పలికినయెడల నేటి ధర్మమును నెరవేర్చినాడు. నిన్న పలికిన అసత్యమును దీర్చుటకు వానికి మిగులు ఏదియు లేదు. ప్రతిదినమును సంపూర్ణమైన విధేయత దేవునికి చెల్లవలసియే యుండగా, వెనుకటి లోపమును పూడ్చు మిగులు సొమ్ము ఎచటనుండి వచ్చును? కాంటర్బరీ ప్రధాన ధర్మాధ్యక్షుడైన అన్సెల్ము 1098వ సంవత్సరమున ముగించిన గ్రంథమున ఈ యుక్తినే విస్తరించి చెప్పెను.

రెండవ హేతువు ఇంతకంటె లోతైనది. ధర్మశాస్త్రము చేతులను నాలుకను శాసించును. దేవుడు హృదయమును జూచును. చేతులు దొంగిలింపకున్నను మనస్సు పరధనమును గోరవచ్చును. నాలుక దూషింపకున్నను మనస్సు ద్వేషింపవచ్చును. పర్వతముమీద యేసు చేసిన బోధయందు కోపమును హత్యతోను, కాముకదృష్టిని వ్యభిచారముతోను జేర్చి చెప్పుట ఇందుకొరకే. న్యాయస్థానమున నిర్దోషియని విడుదల పొందినవాడు తన యంతరాత్మ యెదుట నిర్దోషి కాకపోవచ్చునని న్యాయవాదివృత్తిలో నున్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఊట చెడియుండగా కాలువకు గట్లు పోసిన మాత్రమున నీరు నిర్మలము గాదు.

మూడవ హేతువు పుణ్యమునందే పుట్టు విషమును గూర్చినది. యేసు చెప్పిన కథలలో దేవాలయమున ప్రార్థింపబోయిన ఇద్దరి కథ కలదు. ఒకడు నియమనిష్ఠలు గల పరిసయ్యుడు; ఉపవాసములను దశమభాగదానములను లెక్కించి చెప్పి, ప్రక్కనున్న పాపివలె తాను లేనందుకు దేవునికి వందనము చేసెను. రెండవవాడు ప్రజలను బాధించి పన్ను వసూలు చేయువాడు. తల యెత్తలేక, రొమ్ము బాదుకొని కరుణింపుమని వేడెను. నీతిమంతుడుగా నెంచబడి యింటికి పోయినవాడు రెండవవాడే. మొదటివాడు చెప్పినది అబద్ధము గాదు. వాని ఉపవాసములును నిజమే, దానములును నిజమే. కాని ఆ సత్కర్మలు వానికి ఆస్తియయ్యెను. ఆస్తి గలవానికి పొరుగువాడు దరిద్రుడుగా గనబడుట సహజము.

ఈ వివాదము క్రైస్తవులలో బహుకాలమునుండి యున్నది. మనుష్యుడు తన స్వశక్తిచేతనే ధర్మమును నెరవేర్పగలడని పెలాగియసు బోధింపగా, ఆఫ్రికాఖండమందలి హిప్పో నగరపు ధర్మాధ్యక్షుడైన అగస్టీను దానిని ఖండించెను. 418వ సంవత్సరమున కార్తేజి నగరమున గూడిన సభ అగస్టీను పక్షమునే నిలిచెను. 1517వ సంవత్సరమున మార్టిను లూథరు, పాపదండనను ద్రవ్యముచే తగ్గించు పత్రముల విక్రయమును ఎదిరించినప్పుడును ప్రశ్న యిదియే. పుణ్యము కొలువదగినదైనచో అమ్మదగినదియు నగును. ప్రాయశ్చిత్తమునకు గోదానమును, గోవునకు బదులు నాణెములను నిర్ణయించిన దేశమున నున్న మనకు ఈ సంగతి అపరిచితము గాదు.

మన భాషలో ఈ ప్రశ్నకు మరియొక ముల్లు గలదు. ఆచారమను మాట సత్యము పలుకుటను జెప్పును. మాలవాని నీడ తగులకుండ తొలగి నడచుటనుగూడ జెప్పును. ఆచారవంతుడనబడినవాడు తన పుణ్యమును లెక్కించుకొనునప్పుడు దయాదాక్షిణ్యములతోపాటు మడిని, పంక్తిభేదమును గూడ ఒక్క చిట్టాలోనే వ్రాసికొనును. పురుషోత్తమ చౌదరి ఈ చిట్టానే చింపివైచెను. ఆయన రచనలలో నిస్తారరత్నాకరము, కులాచార పరీక్ష యనునవి యున్నవి. మోక్షోపాయమును విచారించినవాడు కులాచారమును గూడ విచారణకు దెచ్చుట యాదృచ్ఛికము గాదు. స్వపుణ్యము నిష్ఫలమని ఒప్పుకొన్న బ్రాహ్మణునికి, ఆ పుణ్యములో భాగమైన కులోత్కర్షమును నిలుపుకొనుటకు ఆధారమేమి మిగులును?

1833వ సంవత్సరమున ఈయన బాప్తిస్మము పొందెను. ఆ కాలమున ఆ నిశ్చయమునకు చెల్లించవలసిన మూల్యమును మనము మరచిపోరాదు. మతమును మార్చుకొన్నవానికి పిత్రార్జితమునందు హక్కు పోదని విధించిన చట్టము 1850వ సంవత్సరపు 21వ ఆక్టు. ఈయన బాప్తిస్మము పొందినది దానికి పదునేడేండ్లు ముందు. హిందూధర్మశాస్త్రము ప్రకారము పతితుడు దాయభాగమునకు అనర్హుడు. బంధువులకు వాడు మృతునితో సమానుడు. వానితో పంక్తి లేదు, వియ్యము లేదు. అన్నమునకు ఆశపడినవాడు ఇట్టి బేరము చేయడు. దేవుని కృప ఉచితమని నమ్మినవాడు ఆ నమ్మికకై సర్వస్వమును చెల్లించెను.

అదే 1833వ సంవత్సరము సెప్టెంబరు నెల 27వ తేదీని రాజా రామమోహనరాయలు ఇంగ్లాండులోని బ్రిస్టలు నగరమున పరమపదించెను. వంగబ్రాహ్మణవంశజులైన ఈ ఇద్దరును యేసును గౌరవించిరి. చేరిన నిశ్చయములు వేరు. రామమోహనరాయలు 1820వ సంవత్సరమున సువార్తలనుండి యేసు చేసిన నీతిబోధలను మాత్రమే ఏర్చి ప్రకటించి, శాంతిసుఖములకు ఆ బోధలే చాలునని చెప్పెను. శ్రీరామపురపు మిషనరీయైన జాషువా మార్ష్‌మను దీనిని ఎదిరించి, క్రీస్తు మరణమువలన గలిగిన ప్రాయశ్చిత్తమును విడిచి బోధలను మాత్రము గైకొనుట మతమునకు ప్రాణమును దీసివేయుటయేయని వాదించెను. రాయలు మూడు ప్రత్యుత్తరములు వ్రాసెను. మూడవదానిని అచ్చువేయుటకు బాప్తిస్తు మిషను ముద్రాలయమువారు నిరాకరింపగా, తానే ముద్రాలయమును నెలకొల్పి 1823వ సంవత్సరమున ప్రకటించెను. ఈ కాలముననే విలియము ఆడము అను మిషనరీ రాయలవారి పక్షమునకు మారి ఏకేశ్వరవాది యయ్యెను.

రాయలవారి ఆక్షేపణ బలమైనది. ఒకని అప్పును మరియొకడు జామీనుదారుడై తీర్పవచ్చును. కాని ఒకడు చేసిన హత్యకు మరియొకనిని ఉరితీసిన న్యాయాధిపతిని న్యాయమూర్తి యని యెవరును అనరు. అట్లుండగా నిర్దోషియైనవాని మరణముచేత దోషులు విడుదల పొందుట దైవన్యాయమున కెట్లు తగును? దీనికి క్రైస్తవులు చెప్పు సమాధానమును గూడ విందము. దండన ననుభవించినవాడు త్రోవను బోవు మూడవవాడు గాడు. న్యాయాధిపతియే పీఠము దిగివచ్చి తానే నష్టమును భరించెనని వారి విశ్వాసము. అప్పిచ్చినవాడు పత్రమును చింపివైచినప్పుడు అప్పు మాయమైపోదు. ఆ నష్టము అప్పిచ్చినవాని మీదనే పడును. క్షమించుట యనగా నష్టమును తాను భరించుటయే. ఇది వారి మాట. ఒక్క మరణమునందే, ఒక్క మధ్యవర్తియందే ఆ క్షమ యిమిడియున్నదనుటను మనము అంగీకరింపకపోవచ్చును. కాని క్షమ చౌకయైనది గాదను భాగమును కాదనలేము.

మోక్షము ఉచితమైనయెడల జనులు విచ్చలవిడిగా పాపము చేయుదురుగదా యను మరియొక ఆక్షేపణ గలదు. ఇది పౌలు కాలముననే పుట్టినది. అతడు రోమీయులకు వ్రాసిన పత్రికలో దీనిని తానే యెత్తికొని తిరస్కరించెను. యాకోబు పత్రిక క్రియలు లేని విశ్వాసము మృతమైనదని స్పష్టముగా బోధించుచున్నది. దత్తతను దృష్టాంతముగా గైకొన్నయెడల ఈ రెండు బోధలును ఎట్లు పొసగునో తెలియును. దత్తపుత్రునికి హక్కు వచ్చునది వాని గుణములవలన గాదు. స్వీకరించిన తండ్రి చేసిన కార్యమువలన వచ్చును. బిడ్డ యేమియు సంపాదింపకయే ఇంటివాడగును. కాని ఇంటివాడైన పిదప ఆ తండ్రి మర్యాదకు దగినట్లు నడువకుండునా? సత్ప్రవర్తనము ఇంటిలోనికి బోవుటకు చెల్లించు సుంకము గాదు. ఇంటిలో నున్నందుకు పుట్టు కృతజ్ఞత. పౌలును ఈ దత్తపుత్రత్వమునే ఉపమానముగా వాడెను.

పురుషోత్తమ చౌదరి జీవితశేషము ఈ సమాధానమునకు సాక్ష్యము. బాప్తిస్మము పొందిన పిదప ఆయన యేబదియేడేండ్లు జీవించెను. పుణ్యము సంపాదింపనక్కరలేదని నమ్మినవాడు సోమరియై కూర్చుండలేదు. ఆయన బోధకుడై తిరిగెను, వాదించెను, గ్రంథములను వ్రాసెను, నూటికి మించిన కీర్తనలను రచించెను. ఆయన కీర్తనలకు పల్లవియు చరణములును, రాగమును తాళమును ఉన్నవి. దొరల పాటలను మాటకు మాట తెనిగించినప్పుడు తెలుగువారి నోట నిలువనిది, రామదాసాదుల కీర్తనలను వినిన చెవులకు ఇంపుగ ఈయన చేతిలో నిలిచెను. భక్తుడు తన నైచ్యమును జెప్పుకొని స్వామి కరుణను వేడు రీతి మన దేశమున పూర్వమునుండి యున్నదే. తిరిగి చెల్లించు శక్తి లేనివాని ప్రార్థన ఏ భాషలోనైనను ఒకే తీరుగ నుండును కాబోలు.

ఆయన ముదిమినాటికి ఆ సిద్ధాంతము ఆయన యెరుగని జనుల యిండ్లకు బోయెను. ఒంగోలు ప్రాంతమున 1876 మొదలు 1878 వరకు నున్న ఘోరక్షామమున, అన్నమునకై క్రైస్తవులగుదురేమోయను శంకచేత జాను క్లౌ అను మిషనరీ బాప్తిస్మములను నిలిపివైచెను. క్షామము మరలిన పిదప 1878వ సంవత్సరము జూలై 3వ తేదీని వెలుంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలి యెక్కువమంది మాదిగలు. కొలది యేండ్లకు అమెరికా బాప్తిస్తులు పాలమూరునకు వచ్చిరి. వారి తరువాత మెన్నోనైటులు నల్లగొండ, నాగరుకర్నూలు ప్రాంతములలో పనిచేసిరి. మడుగు నీరు త్రాగుటకును అనుమతి లేనివానికి, బ్రాహ్మణుడును తానును దేవుని యెదుట ఒకే మెట్టున నిలిచియున్నారనియు, ఆ మెట్టు ఎక్కుటకు ఇద్దరికిని పుణ్యమను వెల లేదనియు ఒక బ్రాహ్మణుడు వ్రాసిన పాటయే నేర్పెను. సదాచారమే మోక్షద్వారమని చెప్పినయెడల, చచ్చిన పశువును మోసి బ్రదుకవలసినవానికి ఆ ద్వారము మూయబడియే యుండెడిది. ఐనను సిద్ధాంతమును నమ్మినవారందరు దానిని ఆచరింపలేదు. క్రైస్తవ సంఘములలో సయితము కులభేదము పెక్కుచోట్ల నిలిచియేయున్నది. అది ఆ బోధయొక్క దోషము గాదు, దానిని పూర్తిగా నమ్మకపోవుటవలన గలిగిన దోషము.

పురుషోత్తమ చౌదరి 1890వ సంవత్సరమున కాలధర్మము నొందెను. ఆస్తి నిలుపుకొనలేదు, వంశగౌరవమును నిలుపుకొనలేదు. ఆయన పాట నిలిచెను.

చదువరులారా! ఈ మహాశయుని మతమును స్వీకరింపవలయునని ఈ చరిత్రమును వ్రాయలేదు. మన విచారమునకు దగినది వేరొకటి గలదు. మనమును చిట్టాలు వ్రాసికొనుచున్నాము. వితంతువునకు వివాహము చేయించితిమి, భోగపుమేళమును మానిపించితిమి, హరిజన బాలునికి పుస్తకములు కొనియిచ్చితిమి యని లెక్కించి, అట్లు చేయని పొరుగువానివలె లేనందుకు మనస్సులో వందనము చేసికొనుచున్నాము. పూర్వాచారపరుని మడి పోయినది. సంస్కర్త మడి వచ్చినది. బాలునికి పుస్తకములు ఇచ్చిన చేయి వాని యింట నీరు త్రాగుటకు వెనుకాడునప్పుడు, ఆ దానము వానికొరకు చేసితిమా, మన లెక్కకొరకు చేసితిమా యని పరీక్షించుకొనవలెను. సదాచారము విడువదగినది గాదు. ఎంత చేసినను తక్కువయే. కాని దానిని పట్టాగా జేతబట్టుకొని దేవుని యెదుట హక్కు వాదింపబోవువాడు, తన దానము పొందిన దీనునికంటె వెనుక నిలువవలసివచ్చును.

కావున సత్కర్మలను నిండుగా చేయుదము, చేసిన పిమ్మట లెక్కను విడుతము. మన యంతరంగమున నున్న బకాయిని దాచక పరమేశ్వరుని యెదుట ఒప్పుకొని, అనుతాపముతో ఆయన దయను వేడుదము. బ్రాహ్మణుడును మాదిగయు, సంస్కర్తయు సామాన్యుడును ఆ సన్నిధియందు సమానముగా రిక్తహస్తులేయని నమ్మి, ఆ నమ్మికకు దగినట్లు ఒకరి యింట నొకరు కూర్చుండి అన్నము దినుటకు దయామయుడగు దేవుడు మనకు బుద్ధిని ధైర్యమును ప్రసాదించుగాక!